అపలాచియన్ ట్రెయిల్ నిర్వహణలో స్వచ్ఛంద సేవ: తొలిసారి వెళ్లేవారికి మార్గదర్శిని

జార్జియాలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా, 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 2,190 మైళ్లు సాగే అపలాచియన్ ట్రెయిల్ అనే కాలినడక దారి మీద న్యూజెర్సీ, ఉత్తర వర్జీనియా, అట్లాంటా పరిసరాల తెలుగువారు ఎంతోమంది వారాంతాల్లో నడుస్తూ ఉంటారు. దారి మీదికి వంగిన కొమ్మలను ఎవరు కొట్టారో, వాన వెలిసిన మర్నాడే కాలిబాట ఎలా ఆరిపోయిందో, చెట్టు మీది తెల్లని గుర్తుకు మళ్లీ రంగు ఎవరు వేశారో నడిచేవారికి సాధారణంగా తెలియదు. ఆ పనిలో అత్యధిక భాగాన్ని జీతం తీసుకోని మామూలు మనుషులు, తమ సెలవు రోజుల్లో, తమ సొంత కారులో పెట్రోలు పోసుకుని వచ్చి చేస్తున్నారు. వారితో చేరడానికి పూర్వానుభవం అవసరం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ పనికి ఎంత విలువ ఉందో తెలిస్తే చాలు.

ఈ దారి ఒకసారి కట్టేసి వదిలేసినది కాదు. బెంటన్ మెకై 1921లో దీనిని ప్రతిపాదించాడు. 1937లో మొదటి నుంచి చివర వరకు పూర్తయింది. మరుసటి ఏడాదే న్యూ ఇంగ్లండ్‌ను తాకిన పెనుతుపానుకు చెట్లు కూలి తెగిపోయింది. ఆ తరువాత యుద్ధకాలంలో పట్టించుకునేవారు కరవై, 1951లో గాని మళ్లీ తెంపు లేకుండా నడవడానికి వీలుపడలేదు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను దక్షిణ రాష్ట్రాల్లోని భాగాలను అదే విధంగా దెబ్బతీసింది. తుపానులు వార్తల్లోకి వస్తాయి కాబట్టి అందరికీ తెలుస్తాయి. అయితే ఏటా నెమ్మదిగా, ఎవరి దృష్టికీ రాకుండా దారిని తినేసేది మామూలు వాన నీరు. నడిచేవారి బూట్లు మట్టిని వదులు చేస్తాయి, ఆ వదులైన మట్టిని నీరు మోసుకుపోతుంది. ఈ వ్యాసంలో చెప్పే ఏ పనినైనా ఆ దృష్టితోనే చూడవలసిందిగా కోరుతున్నాను, ఎందుకంటే కొత్తగా వచ్చినవారు రంపం పట్టుకునే పనికి ఉత్సాహపడినంతగా పూడిక తీసే పనికి ఉత్సాహపడరు. దారిని నిలబెట్టేది మాత్రం ఆ రెండవ పనే.

ఎవరిని సంప్రదించాలి

రంపం, పార పట్టుకుని మీ అంతట మీరు కొండ ఎక్కకూడదని మొదటే చెప్పాలి. ఈ దారి నేషనల్ పార్క్ సర్వీస్, ఫారెస్ట్ సర్వీస్, రాష్ట్ర ప్రభుత్వాల భూముల మీదుగా పోతుంది కాబట్టి అనుమతి లేకుండా కొమ్మ నరికినా, మట్టి తవ్వినా అది నేరమవుతుంది. పని అంతా వెస్ట్ వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ పట్టణం కేంద్రంగా ఉన్న అపలాచియన్ ట్రెయిల్ కన్సర్వెన్సీ సమన్వయంతో, దాదాపు 30 స్థానిక క్లబ్బుల ద్వారా జరుగుతుంది. ఒక్కొక్క క్లబ్బుకు దారిలో ఒక నిర్ణీత భాగం ఉంటుంది.

ఉత్తర వర్జీనియా, మేరీల్యాండ్, వాషింగ్టన్ ప్రాంతాల వారికి దగ్గరిది 1927లో ఏర్పడిన పొటోమాక్ అపలాచియన్ ట్రెయిల్ క్లబ్. పెన్సిల్వేనియాలోని పైన్ గ్రోవ్ ఫర్నెస్ నుంచి వర్జీనియాలోని రాక్‌ఫిష్ గ్యాప్ వరకు, షెనాండోవా నేషనల్ పార్క్‌లోని భాగంతో సహా, దాదాపు 240 మైళ్లు దాని సంరక్షణలో ఉన్నాయి. న్యూజెర్సీ, న్యూయార్క్ వారికి 1920 నుంచి పనిచేస్తున్న న్యూయార్క్-న్యూజెర్సీ ట్రెయిల్ కాన్ఫరెన్స్ ఉంది. ఈ దారి కోసమే కట్టిన మొట్టమొదటి భాగం 1923లో ప్రారంభమైంది ఆ ప్రాంతంలోని బేర్ మౌంటెన్ దగ్గరే. అట్లాంటా వైపు వారికి జార్జియా అపలాచియన్ ట్రెయిల్ క్లబ్, నార్త్ కరోలినాలోని ఆష్‌విల్ వైపు వారికి కరోలినా మౌంటెన్ క్లబ్ ఉన్నాయి. వారం రోజులు సెలవు పెట్టగలిగితే 1983 నుంచి నైరుతి వర్జీనియా కేంద్రంగా పనిచేస్తున్న కొన్నరాక్ బృందంలో చేరవచ్చు. అందులో భోజనం, బస, పనిముట్లు వారే ఇస్తారు, పని కూడా వారే నేర్పుతారు.

క్లబ్ క్యాలెండర్‌లో కనిపించే ఒక రోజు పనియాత్రను ఎంచుకుని దాని నాయకునికి ముందుగా రాయండి. మీకు ఈ పనిలో అనుభవం లేదని, ఎంత దూరం బరువుతో నడవగలరో, ఆస్తమా, తేనెటీగ కాటుకు అలర్జీ వంటివి ఏమైనా ఉన్నాయో దాచకుండా చెప్పండి. మన సంఘాల తరఫున ఒకేసారి ముప్పై మందిని తీసుకువెళ్లాలన్న ఉత్సాహం మంచిదే అయినా, సన్నని కొండదారి మీద ఒక నాయకుడు ఎనిమిది, పది మందికి మించి కనిపెట్టుకోలేడు. పనిముట్లు కూడా అన్ని ఉండవు. ఎక్కువమంది ఉంటే వేర్వేరు శనివారాలకు విడిపోవడమే మేలు.

సంతకం, వీసా, పిల్లలు

పని మొదలుకాకముందు వాలంటీర్ ఒప్పందపత్రం మీద, ఆ రోజు హాజరు పట్టీ మీద సంతకం తీసుకుంటారు. ఇది లాంఛనం కాదు. ఫెడరల్ భూముల్లో ఈ విధంగా నమోదైన వాలంటీర్‌కు పనిలో గాయమైతే ప్రభుత్వ ఉద్యోగికి వర్తించే వైద్య, పరిహార నిబంధనలే వర్తిస్తాయి. సంతకం లేకుండా చేసిన పనికి ఆ రక్షణ లేదు. ఆలస్యంగా వచ్చి నేరుగా పనిలో దిగవలసి వచ్చినా ముందు నాయకుని దగ్గరికి వెళ్లి పేరు రాయించుకోండి.

ఆ పత్రంలో పౌరసత్వం గురించి, పౌరులు కాకపోతే వీసా గురించి ప్రశ్న ఉంటుంది. గ్రీన్ కార్డు లేనివారు తమది ఏ వీసానో యాత్రకు ముందే నాయకునికి తెలియజేసి, తమను నమోదు చేయగలరో లేదో కనుక్కోవాలి. తీరా కొండ దిగువ పార్కింగ్ స్థలంలో నిలబడి ఈ సంగతి తేల్చుకోవడం అందరికీ ఇబ్బందే. సెలవులకు వచ్చిన తల్లిదండ్రులను వెంట తీసుకువెళ్లాలనుకున్నా ఇదే వర్తిస్తుంది. వారి పేరు నమోదు కాని పక్షంలో పక్కన కూర్చుని చూడవచ్చు గాని పనిముట్టు పట్టకూడదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల తరఫున తల్లి గాని తండ్రి గాని సంతకం చేయాలి. ఏ వయసు నుంచి రానిస్తారన్నది ఒక్కొక్క యాత్రకు ఒక్కొక్క విధంగా ఉంటుంది.

బట్టలు, నీళ్లు, తిండి

ఎండాకాలమైనా నిండు ప్యాంటు, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. చీలమండను కప్పే బూట్లు, తోలు చేతిగ్లౌజులు, కంటికి రక్షణ కళ్లద్దాలు కావాలి. తలకు రక్షణగా పెట్టుకునే గట్టి టోపీని, అంటే హార్డ్ హ్యాట్‌ను, సాధారణంగా క్లబ్ ఇస్తుంది. జీన్స్ తడిస్తే ఆరవు, బరువెక్కుతాయి కాబట్టి త్వరగా ఆరే బట్టలు మంచివి. వేసవిలో మనిషికి మూడు లీటర్ల నీళ్లయినా ఉండాలి. పని చేసే చోటికి ఒకటి, రెండు మైళ్లు పనిముట్లతో నడవవలసి రావచ్చు కాబట్టి వీపు మీద సంచి తేలికగా, చేతులు ఖాళీగా ఉండేటట్లు సర్దుకోండి.

మధ్యాహ్నం తిండికి పులిహోర, చపాతీ చుట్టలు వంటివి బాగా నిలుస్తాయి. తిన్న తరువాత అరటి తొక్క, నారింజ తొక్క, కరివేపాకు రెబ్బతో సహా అన్నీ తిరిగి సంచిలో వేసుకుని రావాలి. ఆ చల్లని అడవిలో తొక్కలు కుళ్లడానికి చాలా కాలం పడుతుంది. ఆ వాసనకు ఎలుగుబంటి దారి దగ్గరికి రావడం అలవాటు చేసుకుంటే చివరికి నష్టపోయేది ఆ ఎలుగుబంటే. కూర్చునే ముందు తల ఎత్తి చూడండి. పచ్చని యాష్ పురుగు తొలిచి చంపిన యాష్ చెట్లు, మరో చిన్న పురుగు ఆరగించిన హెమ్‌లాక్ చెట్లు ఈ కొండల్లో ఎండి నిలబడే ఉన్నాయి. గాలి లేని రోజున కూడా వాటి కొమ్మలు రాలుతాయి.

పనిముట్లను పట్టుకునే పద్ధతి

తొలి రోజున మీ చేతికి వచ్చేవి బహుశా మూడు, నాలుగు రకాలు. పొడవైన పిడుల కత్తెర లాపర్, చేతిరంపం, ఒక వైపు గొడ్డలి, మరో వైపు అడ్డపార ఉన్న పులాస్కీ, ఒక అంచు పారలా, మరో అంచు లావు పళ్ల దంతిలా ఉండే మెక్‌లౌడ్. గడ్డపార, పికాసి రాళ్ల పనికి తీస్తారు. నడిచేటప్పుడు ఏ పనిముట్టునూ భుజాన వేసుకోకూడదు. బరువు సమంగా తూగే చోట పిడిని ఒక చేత్తో పట్టుకుని, పదునైన తల ముందుకు, కొండ పల్లం వైపు చేతిలో ఉండేటట్లు వేలాడదీయాలి. కాలు జారితే దానిని పల్లంలోకి విసిరేసి మీరు మరో వైపు పడవచ్చు. మనిషికి మనిషికి మధ్య కనీసం పది అడుగుల దూరం ఉండాలి. వెనక నుంచి వచ్చేవారు మాటతో హెచ్చరించి, పని చేసేవారు ఆగి చూసి సరేనన్న తరువాతే దాటాలి. దారి మీద నడిచేవారు వస్తే పనిముట్టు నేల మీద పెట్టి, వారు పూర్తిగా దాటేవరకు ఆగండి.

పని ముగిశాక బూట్ల అడుగులను, పనిముట్లను అక్కడే బ్రష్‌తో దులపాలి. జపనీస్ స్టిల్ట్‌గ్రాస్, గార్లిక్ మస్టర్డ్ వంటి పరాయి మొక్కల విత్తనాలు మట్టిలో అంటుకుని ఒక కొండ నుంచి మరో కొండకు వాలంటీర్ల వెంటే ప్రయాణిస్తాయి.

నీటిని దారి తప్పించడం

అలిపిరి మెట్ల వంటి రాతి కట్టడాన్ని ఊహించుకుని వెళితే ఇక్కడి దారి నిరాశపరచవచ్చు. బేర్ మౌంటెన్ వంటి కొన్ని చోట్ల తప్ప అపలాచియన్ ట్రెయిల్ చాలావరకు రెండడుగుల వెడల్పు మట్టిబాట. పైగా పాతకాలంలో వేసిన భాగాలు అనేకం కొండను అడ్డంగా చుట్టకుండా నిటారుగా పైకి ఎక్కుతాయి. అటువంటి చోట వాన పడితే దిగడానికి నీటికి ఆ బాటకు మించిన కాలువ దొరకదు. ఒక్క వేసవి గాలివానకే బాట కోసుకుపోవచ్చు, కోసుకుపోయిన చోట రాళ్లు తేలుతాయి, రాళ్లను తప్పించుకోవడానికి నడిచేవారు పక్కన గడ్డి మీద నడుస్తారు, అక్కడ గడ్డి చచ్చి రెండవ కాలువ మొదలవుతుంది. పొలంలో మడవ తిప్పినవారికి, కాలువ పూడిక తీసినవారికి ఇది విడమరచి చెప్పనవసరం లేదు. నీటిని ఆపడం మన లక్ష్యం కాదు, దానికి బలం చేకూరకముందే దారి మీది నుంచి పక్కకు దించడం లక్ష్యం.

అందుకు ఉన్న ఏర్పాట్లలో ముఖ్యమైనది వాటర్‌బార్. దారికి అడ్డంగా, ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో పాతిన రాళ్ల వరుస గాని దుంగ గాని వాటర్‌బార్ అవుతుంది. పై నుంచి వచ్చిన నీరు దానిని తాకి, దాని వెంబడి పల్లం వైపు అంచుకు పోయి, అక్కడి చిన్న కాలువ గుండా అడవిలోకి దిగిపోవాలి. బాగా కట్టిన రాతి వాటర్‌బార్‌లో ప్రతి రాయీ సగానికి పైగా భూమిలో ఉండి, పక్క రాయి అంచును కప్పుతూ ఉంటుంది. దానిని కట్టడం నేర్పు కావలసిన పని. శుభ్రం చేయడం మాత్రం ఎవరైనా చేయగలిగినది, ఏడాది పొడుగునా అవసరమైనది. ఆకులు, మట్టి పేరుకుని నిండిపోయిన వాటర్‌బార్ మీదుగా నీరు నేరుగా దాటిపోతుంది. అప్పుడు అది ఉన్నా లేనట్లే.

ఒక వాటర్‌బార్‌ను శుభ్రం చేసే విధానాన్ని వివరంగా చెబుతాను. ముందుగా ఎగువన నాలుగడుగుల దూరంలో నిలబడి, నీరు ఎటు నుంచి వచ్చి ఎక్కడ ఆగుతోందో చూడండి. సన్నని ఇసుక పొరలుగా పేరుకున్న చోట నీరు నిదానించిందని, గులకరాళ్లు మాత్రమే మిగిలిన చోట వేగంగా పారిందని అర్థం. తరువాత దంతితో ఆకులన్నీ గీకి పల్లం వైపు దూరంగా విసిరేయండి. కాలువ నోటి దగ్గర వదిలితే మరుసటి వానకు అవే మళ్లీ అడ్డం పడతాయి. తవ్వకం కాలువ చివరి నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ముందు నీరు పోయే చోటు తెరిస్తే తరువాతి ప్రతి అడుగూ ఎంత లోతు తవ్వాలో తెలుస్తుంది. అడుగున గట్టి నేల తగిలేవరకు పూడిక తీసి, కాలువను కనీసం పార వెడల్పున ఉంచి, చివరకు పోయేకొద్దీ ఇంకా వెడల్పు చేయండి. ఇరుకైన నోరు రెండు వారాల్లో ఆకులతో మూసుకుపోతుంది. నీరు తిరిగి దారి మీదికి రాలేనంత దూరం, అంటే నేల వాలును బట్టి కొన్ని అడుగుల మేర, కాలువ సాగాలి. పక్కలు నిలువుగా కోస్తే నడిచేవారి కాలు మడతపడుతుంది కాబట్టి ఎగువ వైపు పళ్లెం అంచులా మెల్లగా వాలాలి.

తీసిన పూడిక అసలు ఈ దారిదే. ఎగువ నుంచి కొట్టుకు వచ్చిన ఆ మట్టిని కాలువ గట్టు మీద కుప్ప పోయకుండా, వాటర్‌బార్‌కు దిగువన రాళ్ల వెనక వేసి కాలితో, పార వెనక వైపుతో గట్టిగా తొక్కండి. ఆ రాళ్లకు ఆనుకుని మట్టి లేకపోతే అవి నడిచేవారి బరువుకు కదిలిపోతాయి. వేర్లు, ఆకులు కలిసిన నల్లమట్టి మాత్రం దారి మీద వేయకూడదు, అది తడిసి బురద అవుతుంది. చివరగా మీ సీసాలోని నీళ్లు కొన్ని పోసి చూడవచ్చు, లేదా ఎగువకు తిరిగి వెళ్లి నీటి చూపుతో కిందికి నడవండి. ఇటువంటి పని ఒక్కొక్క దానికి పావుగంట నుంచి అరగంట పడుతుంది.

వాటర్‌బార్లు లేని చోట్ల చూడవలసింది దారి వెలుపలి అంచును. దారి కొండవాలును అడ్డంగా చుట్టే చోట బాట బయటి వైపుకు కొంచెం, రెండడుగుల వెడల్పుకు సుమారు అంగుళం మేర, వాలి ఉండాలి. ఏళ్ల తరబడి నడవగా మధ్యలో పల్లం పడి, బయటి అంచున ఆకులు, మట్టి పేరుకుని చిన్న గట్టు ఏర్పడుతుంది. ఆ గట్టు నీటిని దారి లోపలే బంధిస్తుంది. మెక్‌లౌడ్‌తో దానిని కోసి, ఆ మట్టితో మధ్య పల్లాన్ని నింపి, పాత వాలును తిరిగి తీసుకురావాలి. ఒక రోజంతా చేసినా నలుగురు మనుషులు కొన్ని వందల అడుగులకు మించి చేయలేరు. అయినా ఫోటోల్లో ఏమీ కనిపించని ఈ పని చేసిన భాగంలో ఆ తరువాతి శీతాకాలంలో మంచుగడ్డ కట్టదు, వసంతంలో బురద నిలవదు.

ఉరుములు, మెరుపులు లేని వాన రోజు ఒకటి చూసుకుని, గొడుగు కాకుండా రెయిన్ జాకెట్ వేసుకుని, ఏ పనీ పెట్టుకోకుండా ఆ భాగాన్ని ఒక్కసారి నడిచి చూడండి. పొడి రోజున ఎంత వెతికినా అర్థం కాని సంగతులు అప్పుడు నీరే చూపిస్తుంది.

కొమ్మలు, ముళ్లు, కూలిన చెట్లు

దారి వెంబడి నాలుగడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఖాళీగా ఉండాలన్నది ఈ ట్రెయిల్ మీద సాధారణ కొలత. ఎనిమిది అడుగులు ఎక్కువనిపించవచ్చు గాని, వానకు తడిసిన కొమ్మ ఒక అడుగు కిందికి వంగుతుంది, మంచు పడితే ఇంకా వంగుతుంది, వీపు మీది సంచి తల కన్నా ఎత్తుగా ఉంటుంది. కొమ్మను కాండానికి దూరంగా మొద్దు వదిలి కోయకూడదు, కాండం బెరడులోకి కూడా కోయకూడదు. కొమ్మ మొదట ఉబ్బుగా ఉంగరంలా కనిపించే చోటికి సరిగ్గా బయట కోస్తే చెట్టు ఆ గాయాన్ని తనే మూసుకుంటుంది. మణికట్టు కన్నా లావు కొమ్మైతే ముందు అడుగు నుంచి కొంత, తరువాత కొంచెం బయటగా పై నుంచి పూర్తిగా కోసి బరువు దించి, చివరి కోత ఆ ఉంగరం దగ్గర కోయాలి. లేకపోతే కొమ్మ విరుగుతూ కింది బెరడును చీల్చుకుపోతుంది. చిన్న మొక్కలను నేల మట్టానికి కోయండి. కొడవలి వాటంగా ఏటవాలుగా కోసి వదిలిన మోడు, జారి పడినవారికి శూలమవుతుంది. నరికిన కొమ్మలను దారి నుంచి కనిపించనంత దూరం లాగి, కోసిన చివర దారికి అటువైపు ఉండేటట్లు పరచాలి. కుప్పలు వేయకూడదు, వాటర్‌బార్ కాలువల్లో అసలే వేయకూడదు.

కూలిన చెట్ల విషయంలో తొందర పనికిరాదు. నేల మీద పడి ఉన్న చెట్టు నిశ్చలంగా కనిపించినా అందులో బిగింపు దాగి ఉంటుంది. రెండు చివరలా ఆని మధ్యలో వేలాడే దుంగ పై నుంచి కోస్తే రంపాన్ని బిగించి పట్టేస్తుంది. ఒక చివరే ఆనిన దుంగ సగం కోయకముందే చీలి లేస్తుంది. పెద్ద చెట్టు కింద పడి విల్లులా వంగిన చిన్న చెట్టు అన్నిటికన్నా ప్రమాదకరం, దానిని ముట్టకుండా నాయకుని పిలవండి. వాలు మీద ఎప్పుడూ దుంగకు ఎగువ వైపే నిలబడాలి. చేతిరంపంతో హాయిగా కోయగలిగినవి తప్ప మిగిలినవి ధ్రువపత్రం ఉన్న రంపకారుల పని. చైన్‌సాకూ, ఇద్దరు లాగే క్రాస్‌కట్ రంపానికీ శిక్షణ, ప్రథమ చికిత్స కోర్సు, క్షేత్ర పరీక్ష ఉంటాయి, ఆ పత్రాన్ని మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 1964 నాటి విల్డర్‌నెస్ చట్టం కింద రక్షించిన అడవుల్లో, షెనాండోవా పార్క్‌లో గణనీయమైన భాగంతో సహా, వాలంటీర్లు మోటారు రంపం వాడకూడదు. అక్కడ మూడడుగుల మానును కూడా క్రాస్‌కట్‌తోనే కోస్తారు. మీరు చేయగలిగిన సాయం ఏమిటంటే, చెట్టు పక్కన మీ హార్డ్ హ్యాట్ పెట్టి రెండు వైపుల నుంచి ఫోటోలు తీసి, లావు ఎంతో కొలిచి, ఫోన్‌లో చూపే స్థానాంకాలతో క్లబ్‌కు పంపడం. ఈ మూడు ఉంటే రంపపు బృందం ఏ పనిముట్లు మోసుకురావాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకోగలదు.

తెల్లని గుర్తులు

చెట్ల మీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తున ఉండే తెల్లని గుర్తులు ఈ ట్రెయిల్‌వి, నీలివి పక్కదారులవి. ఒకదాని పైన ఒకటి రెండు ఉంటే మలుపు గాని హెచ్చరిక గాని ఉందని అర్థం. గుర్తులు ఎక్కడ, ఎంత దూరానికి ఒకటి ఉండాలన్నది ఆ భాగపు బాధ్యుడు నిర్ణయిస్తాడు కాబట్టి అతను చెప్పకుండా కుంచె ముట్టవద్దు. అదే విధంగా కొత్త దారి వేయడం, దారిని పక్కకు జరపడం, గుర్తుగా రాళ్లు పేర్చడం మన చేతిలో లేవు. దారి కొద్దిగా జరపాలన్నా ముందుగా అక్కడి మొక్కలు, పాతకాలపు ఆనవాళ్ల పరిశీలన జరగాలి. మలుపుల మధ్య అడ్డదారి పడితే మాత్రం ఎండుకొమ్మలను దానికి అడ్డంగా, నేలలోకి గుచ్చుకునేటట్లు పరచి మూసేయండి.

పురుగు, తీగ, పాము

నల్లకాళ్ల టిక్ అనే పిడుదు ద్వారా లైమ్ వ్యాధి వస్తుంది. దాని పిల్ల గసగసాల గింజంత ఉంటుంది కాబట్టి కనిపించదు, కుట్టినట్లు తెలియదు. పెర్మెథ్రిన్ మందును ముందురోజే బట్టలకు, బూట్లకు చల్లి పూర్తిగా ఆరనివ్వండి. దానిని చర్మానికి రాయకూడదు, తడి ఆరకముందు పిల్లులకు విషం. ప్యాంటు అంచులను మేజోళ్లలో దోపుకోండి. ఇంటికి వచ్చిన వెంటనే స్నానం చేసి, మోకాలి వెనక, చంకల్లో, తలలో, నడుము చుట్టూ వెతకాలి. కనిపిస్తే సన్నని పట్టకారుతో (ట్వీజర్స్) చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. నూనె, అగ్గిపుల్ల వంటి చిట్కాలు వద్దు. సాధారణంగా ఒక రోజు కన్నా ఎక్కువసేపు అంటి ఉంటేనే లైమ్ సోకుతుంది కాబట్టి ఆ సాయంత్రపు వెతుకులాటే అసలైన రక్షణ. తరువాతి వారాల్లో జ్వరం, వలయంగా పెరిగే ఎర్రని మచ్చ కనిపిస్తే వైద్యునికి ట్రెయిల్ పని సంగతి చెప్పండి.

మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ తీగ నేల మీదా, చెట్ల మీదా ఉంటుంది. ఆకులు రాలిన శీతాకాలంలో కూడా దాని కాండం, వేర్లలోని జిడ్డు దద్దుర్లు పుట్టిస్తుంది. చేతి గ్లౌజులతో ముఖం తుడుచుకోకండి, పని అయిన వెంటనే చల్లని నీళ్లతో, సబ్బుతో కడుక్కోండి, ఆ బట్టలు విడిగా ఉతకండి. రాళ్లు కదిపేటప్పుడు చెయ్యి పెట్టే ముందు గడ్డపారతో ఎత్తి చూడాలి. కాపర్‌హెడ్, టింబర్ ర్యాటిల్ పాములు రాళ్ల సందుల్లో ఉంటాయి. కనిపిస్తే వాటిని చంపకూడదు, తరమకూడదు. అవి పోయేవరకు మరోచోట పని చేసుకోవచ్చు.

సొంతంగా ఒక భాగం

కొన్ని యాత్రల తరువాత క్లబ్‌లో పని తెలిసినవారితో మాట్లాడి ఒకటి, రెండు మైళ్ల భాగానికి బాధ్యత అడగవచ్చు. నా అభిప్రాయంలో ఏడాదికి ఇరవై చోట్ల తిరగడం కన్నా ఒకే చోటికి ఏ కాలానికి ఆ కాలం వెళ్లడం దారికి ఎక్కువ మేలు చేస్తుంది. శీతాకాలపు గాలులకు కూలినవి మార్చిలో చూడాలి, జూన్, జూలైల్లో గడ్డి, ముళ్లు కొట్టాలి, నవంబరులో ఆకులన్నీ రాలిన తరువాత ప్రతి వాటర్‌బార్‌నూ తెరవాలి. ఒకే ఒక్కసారి వెళ్లగలిగిన ఏడాదిలో నవంబరును వదలకండి. ఇల్లు గంటన్నర ప్రయాణం కన్నా దూరమైతే ఆ భాగం తీసుకోకపోవడమే మంచిది, ఎందుకంటే మొదటి ఏడాది ఉత్సాహం రెండవ ఏడాదికి డ్రైవింగ్ దగ్గర ఆగిపోతుంది.

వెళ్లిన ప్రతిసారీ రాకపోకల సమయంతో సహా పనిగంటలను క్లబ్‌కు నివేదించండి. ఆ గంటల లెక్కను చూపించే క్లబ్బులు నిధులను, పనిముట్లను అడగగలుగుతాయి. ఒక చిన్న నోట్‌బుక్‌లో వాటర్‌బార్లకు కింది నుంచి పైకి అంకెలు వేసుకుని, ఏది త్వరగా పూడుతుందో, ఎక్కడ రాయి కదిలిందో, ఎక్కడ ఎండిన చెట్టు దారి వైపు వాలి ఉందో తేదీతో రాసుకోండి. ఉద్యోగాలతో పాటు ఊళ్లు మారడం మనవారికి మామూలే కాబట్టి, వెళ్లిపోవలసి వస్తే రెండు నెలల ముందే క్లబ్‌కు చెప్పి, నోట్‌బుక్‌ను, క్లబ్ పనిముట్లను కొత్తగా తీసుకునేవారికి అప్పగించి, వారితో కలిసి ఆ భాగాన్ని ఈ చివర నుంచి ఆ చివర వరకు ఒకసారి నడవండి.